1950 తర్వాతి ఆర్థిక ఆలోచనల చరిత్ర మీద పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న స్మిత్, రికార్డోల గురించి కాదు. మొన్నమొన్నటి ఆర్థికవేత్తల మీద పీహెచ్‌డీ చెయ్యాలంటే పాఠ్యపుస్తకాలు దాటి ఎటు వెళ్లాలి అని అడిగారు. నేను మన రెండో పంచవర్ష ప్రణాళిక (1956–61) చుట్టూ నడిచిన వాదాల మీద ఐదేళ్లు కూర్చున్నాను. భారీ పరిశ్రమలకి పెద్దపీట వేసిన ఆ ప్రణాళికకి నమూనా గీసింది గణాంకవేత్త మహలనోబిస్. తగిలిన దెబ్బలు చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

మొదటి దెబ్బ మొదటి అధ్యాయంలోనే తగిలింది. "మహలనోబిస్ రష్యన్ ఆర్థికవేత్త ఫెల్డ్‌మన్ నమూనా తీసుకుని..." అని ధీమాగా రాసేశాను. ఎంఏలో అందరం 'ఫెల్డ్‌మన్–మహలనోబిస్ మోడల్' అనే కదా బట్టీ పట్టింది! మా గైడుగారు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, పక్కన రెండే మాటలు రాశారు: "ఎప్పుడు చదివాడు?"

అప్పుడు తేదీలు వేసుకున్నాను. ఫెల్డ్‌మన్ వ్యాసాలు 1928లో రష్యన్‌లో వచ్చాయి. ఇంగ్లిష్ చదివేవాళ్లకి వాటిని బాగా తెలియజేసింది అమెరికన్ ఆర్థికవేత్త డోమార్, అదీ 1957లో. ఆర్థిక వ్యవస్థని రెండు రంగాలుగా విడదీసిన మహలనోబిస్ నమూనా 'సంఖ్య' అనే గణాంకశాస్త్ర పత్రికలో 1953లోనే వచ్చేసింది, నాలుగు రంగాలది 1955లో. అంటే ఆ జంటపేరు తర్వాతివాళ్లు తగిలించింది. ఫెల్డ్‌మన్ గురించి మహలనోబిస్‌కి ఎవరో నోటిమాటగా చెప్పి ఉండొచ్చు, కాదనను. కానీ అలా అనాలంటే ఒక ఉత్తరమో, డైరీ పేజీయో చూపించాలి. నా దగ్గర ఏదీ లేదు. వాక్యం కొట్టేశాను.

ఆ రోజే పాత క్యాలెండరు వెనక్కి తిప్పి గోడకి తగిలించి, 1953 నుంచి 1958 దాకా నెలలవారీగా గళ్లు గీశాను. ఎవరు ఏది రాశారన్నది ఒక గడిలో, అప్పటికి వాళ్ల చేతికి ఏం అందిందన్నది దాని కింద. థీసిస్‌లో పనికొచ్చిన ముక్కలు సగం ఆ గళ్లలోంచే వచ్చాయి.

షెనాయ్ విషయమే చూడండి. 1955లో ఈ ప్రణాళిక మీద ప్రభుత్వం వేసిన ఆర్థికవేత్తల ప్యానెల్లో అసమ్మతి పత్రం రాసిన ఒకే ఒక్కడు బి.ఆర్. షెనాయ్. ఇప్పుడాయన్ని ఒక వర్గం ఒంటరి వీరుణ్ణి చేసింది, ఇంకో వర్గం అసలు పట్టించుకోదు. రెండువైపులా చదివాక అసలు పత్రం తెరిస్తే నాకు ఆశ్చర్యమేసింది. జాతీయీకరణ మీదా, ధరల నియంత్రణ మీదా అభ్యంతరాలు ఉన్నాయి, నిజమే. కానీ ముందు కనిపించేది ఇంటి యజమాని వేసుకునేలాంటి లెక్క: చేతిలో ఉన్న పొదుపు ఎంత, పెడతామంటున్న ఖర్చు ఎంత, ఆ తేడాని నోట్లు అచ్చేసి పూడిస్తే ధరలు ఏమవుతాయి? చివరికి ఖరారైన ప్రణాళికలో ప్రభుత్వ రంగానికి 4,800 కోట్లు, అందులో లోటు ద్రవ్యం, అంటే అలా నోట్లు అచ్చేసి పూడ్చేది, 1,200 కోట్లు. 1957కల్లా విదేశీ మారకం కటకట మొదలైంది.

ఇక ఆ 'ఒంటరి' అన్నమాట ప్యానెల్ వరకే నిజం. 1956లోనే బొంబాయి నుంచి వకీల్, బ్రహ్మానంద అనే ఆర్థికవేత్తలు వేరే దారిలో విమర్శించారు. పనిచేసేవాడికి ముందు తిండీ బట్టా ఉండాలి, భారీ యంత్రాల సంగతి ఆ తర్వాత అని వాళ్ల వాదన. షెనాయ్ పక్కనే వీళ్లనీ పెట్టకపోతే ఆ కాలం అర్థం కాదు.

ఇంటర్వ్యూలు తప్పక చెయ్యండి, కానీ నమ్మేయకండి. ఒక పెద్దాయన, విశ్రాంత ప్రొఫెసర్, నాకు కాఫీ ఇచ్చి మరీ చెప్పారు: "57 సంక్షోభం చూశాకే ఫ్రీడ్‌మన్ వచ్చి మనవాళ్లకి సలహా ఇచ్చాడయ్యా" అని. ఫ్రీడ్‌మన్ అంటే స్వేచ్ఛా మార్కెట్‌ని సమర్థించిన అమెరికన్ ఆర్థికవేత్త; మన ప్రభుత్వానికి ఆయన రాసిచ్చిన మెమోరాండం మీద తేదీ నవంబరు 1955. ఆయన 1963లో మళ్లీ వచ్చాడు. పెద్దాయన జ్ఞాపకంలో ఆ రెండు రాకలూ కలిసిపోయాయి. నేను సరిదిద్దలేదు, ఆయన చెప్పింది చెప్పినట్టే రాసుకుని పక్కన తేదీ వేసుకున్నాను. సంక్షోభం తర్వాతే బుద్ధి చెప్పారన్న కథ జనంలో ఎలా స్థిరపడిందో చెప్పడానికి అదే పనికొచ్చింది.

కాగితాలు ఎక్కడ? పాత 'ఎకనామిక్ వీక్లీ' సంచికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటితోనే మొదలుపెట్టండి. వారం వారం గొడవ వేడిమీద కనిపిస్తుంది. లోక్‌సభ చర్చలూ అంతే. మహలనోబిస్ కాగితాలకి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. మీ అంశం అమెరికన్ ఆర్థికవేత్తలైతే సామ్యుల్‌సన్, సోలో లాంటివాళ్ల ఉత్తరాలు డ్యూక్ యూనివర్సిటీలో, ఫ్రీడ్‌మన్‌వి స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నాయి. వెళ్లలేకపోతే కేటలాగు చూసి ఫలానా పెట్టె, ఫలానా ఫైలు అని రాసి అడగండి. "అన్నీ పంపండి" అంటే ఎవరూ పంపరు. మనదగ్గరే ఒక లైబ్రరీలో ఒక థీసిస్ చూడ్డానికి నన్ను మూడు సంతకాల కోసం నాలుగు రోజులు తిప్పారు, ఆ ఓపిక కూడా బ్యాగులో పెట్టుకోండి.

తెలుగులో పని చెయ్యగలిగితే ఇంకా మంచిది. ప్రభుత్వ ప్రణాళికల్ని వ్యతిరేకించిన స్వతంత్ర పార్టీకి 1959లో అధ్యక్షుడైన మన రైతు నాయకుడు ఆచార్య రంగా ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మనిషి. ఢిల్లీ వాదం మన పల్లెలకి ఏ మాటల్లో చేరిందో పాత పత్రికల్లో వెతకొచ్చు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో నేను రెండు వేసవులు ఆ పని చేశాను. కాగితం అంచులు వేలికి పొడిలా అంటుకునేవి, ఫ్యాను వేస్తే పేజీ చిరుగుతుందని ఆపేసి చెమటలో కూర్చునేవాణ్ణి. ప్రణాళిక, లోటు, పొదుపు లాంటి మాటలు కనిపించిన చోటల్లా తేదీతో ఎత్తి రాసుకున్నాను. ఉద్యోగం వచ్చాక ఆగిపోయింది. రెండు నోటుపుస్తకాలున్నాయి, మీకు కావాలంటే ఫొటోలు తీసి పంపుతాను.