రియాక్టా, యాంగ్యులరా అని అడిగిన మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు అత్తయ్య ఆశీస్సులు.

నాన్నా, నువ్వు పంపిన ఫొటో చూశాను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలనిండా అతికించే కోర్సుల కాగితాల్లో అదొకటి. పైన ‘మూడు నెలల్లో ఫుల్‌స్టాక్’ అని పెద్ద అక్షరాలు, కింద ఎనిమిది పేర్ల వరుస. ‘ఇందులో ముందు ఏది పట్టుకోమంటావు అత్తయ్యా, రియాక్టా, యాంగ్యులరా, వ్యూనా?’ అని అడిగావు. మూడూ వెబ్ తెరలు కట్టుకోవడానికి ఇచ్చే రెడీమేడ్ చట్రాలే, ఫ్రేమ్‌వర్కులంటారు. 2005లో నేను కూడా అదే వీధిలో అలాంటి కాగితమే చేతిలో పెట్టుకుని తిరిగాను. దానిలో ఉన్నవాటిలో ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నవి మూడే: హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్. మిగతావాటి పేర్లు చెబితే నువ్వు నవ్వుతావు.

నీ ప్రశ్నకు జవాబు చెబుతాను, తొందరపడకు. ముందు నా మెడకు నేనే చుట్టుకున్న ఒక వ్యవహారం విను.

2015లో గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి లెక్కల ప్రోగ్రాం రాశాను. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెస్తాడు. అవి ఏ గదిలో ఏ వరుసలో పెట్టారో ఎక్కించాలి, రసీదు ఇవ్వాలి. ఆ రసీదు మీద బ్యాంకు అప్పు ఇచ్చి ఉంటే ఆ సంగతి గుర్తుంచుకోవాలి. సరుకు బయటికి వెళ్లేటప్పుడు అద్దె, కూలి లెక్కగట్టాలి. అప్పట్లో ఎవరినోట విన్నా యాంగ్యులర్‌జేఎస్ మాటే. 2010లో గూగుల్ నుంచి వచ్చింది. ఒక పెట్టెలో టిక్కీల సంఖ్య మారిస్తే పక్కనున్న అద్దె దానంతట అదే మారిపోయేది. అంతకుముందు జేక్వెరీ అనే పాత లైబ్రరీతో ప్రతి అంకెనూ చేత్తో మార్చినదాన్ని కదా, నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలో అద్దె లెక్కంతా కంట్రోలర్లలోనే, అంటే యాంగ్యులర్‌జేఎస్‌లో తెరను నడిపే ముక్కల్లోనే, రాసేశాను. గడువు దాటితే అదనపు అద్దె, వంద టిక్కీలు పైబడితే తగ్గింపు, పాత ఖాతాదారులకు ఇంకో తగ్గింపు, అన్నీ తెర గీసే కోడ్‌లోనే కలిసిపోయాయి.

2016 సెప్టెంబరులో యాంగ్యులర్ 2 వచ్చింది. పేరు పాతదే, లోపల ఇల్లు వేరు. మొత్తం టైప్‌స్క్రిప్ట్‌లో, అంటే జావాస్క్రిప్ట్ మీదే కట్టిన ఇంకో భాషలో, కొత్తగా రాశారు. నేను నమ్ముకున్న కంట్రోలర్లు, స్కోపులు అందులో లేవు. పాతదాన్నుంచి కొత్తదానికి ఎక్కడానికి మెట్లు వేశారు గానీ, ఎక్కే తీరిక నాకు లేదు, దానికి డబ్బు పెట్టే ఉద్దేశం యజమానికి లేదు. ‘నడుస్తోంది కదమ్మా’ అన్నారాయన. నిజమే, నడిచింది. 2021 డిసెంబరు 31తో పాత యాంగ్యులర్‌జేఎస్‌కు మద్దతు ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాది తిరగరాయక తప్పలేదు. తయారుచేసినవాళ్లను నేను తప్పుపట్టను. ఎన్నేళ్లు నిలుస్తుందని వాళ్లు నాకేమీ రాసివ్వలేదు. తప్పు నాదే.

తిరగరాయడానికి కూర్చున్నప్పుడు చెక్కుచెదరకుండా మిగిలినవి రెండు. ఒకటి డేటాబేస్ పట్టికలు. రెండోది ఒకే ఒక్క ఫైలు. నాతో పనిచేసిన ఒక కుర్రాడు, నేను విసుక్కుంటున్నా వినిపించుకోకుండా, ‘అప్పున్న రసీదుకు బ్యాంకు అనుమతి లేనిదే సరుకు వదలకూడదు’ అన్న నిబంధనను మామూలు జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌గా విడిగా రాసిపెట్టాడు. 40 వరుసలు ఉంటుందేమో. అందులో ఏ ఫ్రేమ్‌వర్క్ వాసనా లేదు. ఎత్తి కొత్తచోట పెడితే మొదటి రోజునే పనిచేసింది. నా అద్దె లెక్కకు ఐదు వారాలు పట్టింది. రాతకు ఒక వారం. మిగతా నాలుగూ, ఏడేళ్ల కిందట నేను ఏమనుకుని అలా రాశానో తెలుసుకోవడానికే పోయాయి.

అప్పటినుంచి ఫ్రేమ్‌వర్క్‌ను అద్దె ఇల్లుగా చూడటం అలవాటు చేసుకున్నాను. అద్దె ఇల్లని చులకన ఏమీ లేదు, హాయిగా ఉండవచ్చు. కానీ బట్టలూ నగలూ కాగితాలూ దాచుకునే బీరువాను ఎవరూ అక్కడ గోడలో కట్టించుకోరు కదా. ఇనప బీరువా కొనుక్కుంటారు, ఖాళీ చేసేటప్పుడు ఆటోలో ఎక్కించుకుంటారు. వ్యాపారం లెక్కలు, నిబంధనలు నీ బీరువా. వాటిని మామూలు ఫంక్షన్లలో పెట్టు. రియాక్ట్ కాంపొనెంట్, అంటే తెరలో ఒక ముక్కను గీసే కోడ్, వాటిని పిలిచి, వచ్చిన జవాబును తెరమీద చూపిస్తే చాలు. బ్రౌజర్ తెరవకుండానే నీ అద్దె లెక్కను పరీక్షించగలిగావంటే బీరువా సరైనచోట ఉన్నట్టే.

రియాక్ట్ మాత్రం స్థిరంగా ఉందా అంటే, పేరు మారలేదు గానీ లోపలి సామాను చాలాసార్లు జరిగింది. 2013లో బయటికొచ్చింది. 2019 ఫిబ్రవరిలో హుక్స్ అనే కొత్త రాత పద్ధతి వచ్చాక, అంతవరకూ క్లాసులతో రాయడం నేర్చుకున్నవాళ్లు మళ్లీ పలక పట్టారు. కొత్తవాళ్లు ఏళ్లతరబడి ప్రాజెక్టు మొదలుపెట్టడానికి వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పనిముట్టును 2025 ఫిబ్రవరిలో కొత్త పనులకు ఇక వాడవద్దన్నారు. నీ కాగితంలో అది ఇంకా ఉంది, చూసుకో. ఫీజు కట్టేముందు ఆ మాట వాళ్లను అడుగు. ఏం చెబుతారో వింటే అక్కడ చదువు ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

అందుకే మొదటి నెల ఏ ఫ్రేమ్‌వర్కూ ముట్టుకోవద్దంటున్నాను. ఒక్క పేజీ చెయ్యి. మీ కాలనీ ఫోను పుస్తకం అనుకో. 200 పేర్లు, వెతకడానికి ఒక పెట్టె, కొత్త పేరు చేర్చే ఫారం, ప్రతి పేరు పక్కన తీసేసే బొత్తం, పైన ‘మొత్తం పేర్లు’ అన్న అంకె. అంతా ఉత్త జావాస్క్రిప్ట్. నాలుగో రోజుకో ఐదో రోజుకో ఒక పేరు తీసేస్తావు, కింద 199 ఉంటాయి, పైన 200 అనే ఉంటుంది. సరిచేస్తావు. వెతికే పెట్టెలో ఏదో రాసి ఉన్నప్పుడు తీసేస్తే ఇంకోచోట తప్పుతుంది. అప్పుడు రియాక్ట్ ఎందుకు పుట్టిందో నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రియాక్ట్ పుట్టిన ఫేస్‌బుక్‌లో చదవని సందేశాల అంకె, లోపలున్న సందేశాలతో సరిపోలక తమను పదేపదే వేధించేదని అక్కడి ఇంజినీర్లే చెప్పారు. నీ కాలనీ పుస్తకంలో వచ్చేదీ అదే జబ్బు. జబ్బు చూశాక మందు వాడితే, ఎంత వాడాలో తెలుస్తుంది.

జబ్బు లేనిచోట మందు వాడటం ఈ రోజుల్లో ఎక్కువైంది. పదిమంది గుమాస్తాలు పొద్దస్తమానం ఫారాలు నింపే ఆఫీసుకు రియాక్ట్, దానికి వేరే సర్వర్, మధ్యలో రెండింటినీ మాట్లాడించే ఏపీఐ, ఇవన్నీ ఎందుకు? అలాంటి పనికి నేను జాంగో వాడతాను, పైథాన్ భాషలో రాసిన ఫ్రేమ్‌వర్క్ అది. అది అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో, ఒక దినపత్రిక ఆఫీసులో పుట్టింది. 2005లో అందరికీ ఇచ్చారు. పత్రికలో గడువంటే గంటలే కాబట్టి, పట్టికలు రాసుకుంటే ఎక్కించే తెరలు దానంతట అవే వచ్చే ఏర్పాటు అందులో ఉంది. ఆ కుర్రాడి ఫైలును పేజీలో జావాస్క్రిప్ట్‌గానే ఉంచి, కోల్డ్ స్టోరేజీ కొత్త ప్రోగ్రాం దానిలోనే చేశాం. చూడటానికి ముచ్చటగా ఉండదు. యజమాని ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు, నాకు అదే ముచ్చట.

ఇప్పుడు మన తెలుగు సంగతి. ఇది నీకు ఏ కోర్సులోనూ చెప్పరు. రెడీమేడ్ బొత్తాలు, కార్డులు, పట్టికలు ఇచ్చే కాంపొనెంట్ లైబ్రరీలు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల కొలతతో కుట్టిన చొక్కాలు. లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు, 1.2 ఉంటుంది, పైన పెట్టె దాటినదాన్ని కనబడకుండా కోసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి ఉంటుంది. అందులో ‘లక్ష్మి’ అని పెట్టి చూడు. ష వత్తు కింద వేలాడే మ వత్తు చాలా ఫాంట్లలో తెగిపోతుంది. తెర మీద ఆవిడ పేరు ‘లక్షి’. ఒక సంస్థకు చేసిన గుర్తింపు కార్డుల్లో ఇలాగే అచ్చయి వచ్చింది. వందలమంది లక్ష్ములు, ఒక్కరికీ మ వత్తు లేదు. తెలుగుకు లైన్ హైట్ 1.6 కంటే తగ్గనివ్వద్దు, బొత్తానికి ఎత్తు పిక్సెళ్లలో బిగించవద్దు.

అక్షరాల లెక్క ఇంకో తలనొప్పి. ‘వెంకట లక్ష్మీనరసింహారావు’ అన్న పేరు మన కంటికి 11 అక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ. జావాస్క్రిప్ట్‌ను అడిగితే 24 అంటుంది. గుడులూ దీర్ఘాలూ సున్నలూ పొల్లులూ అన్నీ దానికి విడివిడి గుర్తులే. పేరుకు 20 చాలు అని పరిమితి పెట్టావనుకో, ఆయన ‘వెంకట లక్ష్మీనరసింహా’ దగ్గర ఆగిపోతాడు, రావు ఇక రాడు. వార్త శీర్షికను గుడ్డిగా ఇన్ని గుర్తుల దగ్గర కోస్తే ‘స్త్రీ’ కాస్తా ‘స్’ అయి ఊరుకుంటుంది. అక్షరాలను కంటికి కనిపించినట్టు విడగొట్టడానికి ఇంటిల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అనే సదుపాయం జావాస్క్రిప్ట్‌లోనే ఉంది. క్రోమ్‌లో 2020 నుంచీ ఉన్నా, ఫైర్‌ఫాక్స్‌లోకి 2024లో గానీ రాలేదు. సంయుక్తాక్షరాల దగ్గర బ్రౌజర్ వెర్షన్‌ను బట్టి జవాబు మారుతుంది కాబట్టి నీ కళ్లతో చూసుకో. ఏ లైబ్రరీ నచ్చినా ముందు ఈ మూడు మాటలూ అందులో పెట్టి చూశాకే ‘బాగుంది’ అను.

లైబ్రరీలంటే గుర్తొచ్చింది. 2016 మార్చిలో ఒకాయన తన ప్యాకేజీలన్నీ ఎన్‌పీఎం నుంచి, అంటే జావాస్క్రిప్ట్ కోడ్ అందరూ పంచుకునే గిడ్డంగి నుంచి, వెనక్కి తీసుకున్నాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ అనేది 11 వరుసలు. మాటకు ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చడం దాని పని. అది కనబడకపోయేసరికి లోకమంతా ఎందరెందరివో బిల్డులు, అంటే ప్రోగ్రాంను కూర్చి సిద్ధం చేసే పనులు, ఆగిపోయాయి. దాన్ని వాడుతున్నామని చాలామందికి తెలియను కూడా తెలియదు, వాళ్లు తెచ్చుకున్న ప్యాకేజీ తెచ్చుకున్న ఇంకో ప్యాకేజీ దాన్ని తెచ్చుకుంది. మరుసటి ఏడాది ఆ పని ప్యాడ్‌స్టార్ట్ పేరుతో జావాస్క్రిప్ట్ భాషలోనే చేరింది. తేదీ ఎంచుకునే క్యాలెండర్ కూడా అంతే, ఇప్పుడు బ్రౌజర్‌లోనే ఉంది. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేముందు ఇదివరకే ఇంట్లో ఉందేమో ఎండీఎన్ అనే వెబ్ వివరాల సైటులో చూడు. ఇక ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసిపెట్టే లాక్ ఫైలును తప్పకుండా గిట్‌లో, అంటే కోడ్ మార్పులన్నీ దాచే చోట, పెట్టు. అది లేకుండా, వెర్షన్ అంకె ముందు టోపీ గుర్తు (^) ఉంటే, నిన్న నీ దగ్గర దిగిన వెర్షనే ఇవాళ సర్వర్‌లో దిగుతుందన్న హామీ లేదు. ఒక శుక్రవారం సాయంత్రం ఆ పాఠం నేర్చుకున్నాను. వివరాలు వద్దులే, ఆదివారం మీ మామయ్య ఒక్కరే పెళ్లికి వెళ్లివచ్చారు.

ఆన్‌లైన్ పనిముట్ల గురించి ఒక్కటే గట్టిగా చెబుతాను. జేసన్‌ను (ప్రోగ్రాములు సమాచారం మార్చుకునే రాత పద్ధతి) చక్కగా సర్ది చూపే సైట్లు, లాగిన్ గుర్తుగా ఇచ్చే జేడబ్ల్యూటీ టోకెన్ విప్పి చూపే సైట్లు నువ్వూ వాడుతూ ఉంటావు. ఒకసారి నేను కంగారులో ఒక ఖాతాదారు సెట్టింగుల ఫైలు మొత్తం అలాంటి పెట్టెలో అతికించాను. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉందని అతికించాక చూశాను. ఆ సైటువాళ్లు దాన్ని దాచుకున్నారో లేదో నాకు తెలియదు. తెలియకపోవడమే భయం. ఖాతాదారుకు ఫోన్ చేసి ఒప్పుకుని, పాస్‌వర్డులూ తాళాలూ అన్నీ మార్చేసరికి మూడు రోజులు. జేసన్ సర్దడానికి బ్రౌజర్ కన్సోల్‌లో, అంటే బ్రౌజర్‌లోనే కోడ్ టైపు చేసే చోట, స్ట్రింగిఫై అనే ఫంక్షన్ ఉంది. టోకెన్‌లో మధ్య భాగం రహస్య రాత కాదు, బేస్64 రకంలో మార్చి రాసినదే, అదీ కన్సోల్‌లోనే విప్పుకోవచ్చు. బయటివాళ్ల పెట్టెలో ఏదైనా అతికించేముందు, దాన్ని కాగితం మీద రాసి టీకొట్టు గోడకు అంటించగలవా అని ఒక్క క్షణం ఆలోచించు. ఏఐ సహాయకులకూ అదే లెక్క. వాటితో రాయించుకో, నేనూ రాయించుకుంటున్నాను. కానీ ఈ వరుస ఎందుకుంది అని నేను అడిగితే నువ్వు చెప్పలేని కోడ్‌ను నీ పేరుతో గిట్‌లోకి ఎక్కించకు.

ఉచిత హోస్టింగ్‌ను నమ్ముకుని నీ పనంతా ఒక్కచోటే ఉంచకు. హెరోకూ అనే హోస్టింగ్ సంస్థ ఉచిత పథకాలు 2022 నవంబరులో ఆపేసినప్పుడు, బయోడేటాలో ఆ లింకులు ఇచ్చుకున్న పిల్లలు ఎంతమందో. రోజూ తెరిచి ఉంచాల్సిన పనిముట్టు ఏదంటే బ్రౌజర్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్. ఏ పేజీ నెమ్మదించినా సలహాలు వెతకడానికి ముందు అక్కడ ఏ ఫైలు ఎంత బరువుందో చూడు. కోల్డ్ స్టోరేజీ తెర తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు పట్టిన రోజుల్లో నేను ఫ్రేమ్‌వర్క్‌ను తిట్టాను. తీరా చూస్తే యజమాని పంపిన లోగో బొమ్మ నాలుగు ఎంబీ.

ఇక నీ ప్రశ్న. మొదటి నెల కాలనీ పుస్తకం అయ్యాక రియాక్ట్ నేర్చుకో. దాన్ని తెగ ఇష్టపడి చెప్పడం లేదు. హైదరాబాదులో నీ వయసువాళ్లకు ఉద్యోగాలు ఎక్కువగా అందులో కనిపిస్తున్నాయి, ఇంట్లో ఈఎంఐ ఉన్నవాళ్లకు అది చిన్న కారణం కాదు. నాకైతే వ్యూ చదవడానికి ఇంకా సుఖంగా ఉంటుంది. యాంగ్యులర్ పెద్ద సంస్థల్లో తగులుతుంది, అక్కడ చేరితే వాళ్లే నేర్పిస్తారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. పాత ప్రోగ్రాంలో ఒక తెర మార్చకుండా వదిలేశాం, పాత ఖాతాల బకాయిల పట్టిక. దానిలోపల నేను 2015లో రాసిన తగ్గింపు లెక్క అలాగే ఉంది. కొత్త సరుకు గిడ్డంగికి రావడం మొదలయ్యేలోగా దాన్ని విడదీసి నాకు ఇవ్వాలి. కూలి ఇస్తాను. మీ అమ్మతో అరిసెలకు పాకం ఈసారి ముదరనివ్వొద్దన్నానని చెప్పు.

మీ అత్తయ్య