ఛాతీ ఆపరేషన్ అనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

రొమ్ములు ఆడవాళ్లలా పెరిగాయని, ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటున్నానని నువ్వు పంపిన మెసేజ్ చదివాను. ఇన్నేళ్లు వదులు చొక్కాల వెనక ఏం దాస్తున్నావో మాలో ఎవరికీ తట్టలేదు. ఆపరేషన్లు చేస్తూనే తల నెరిసినవాణ్ణి, నన్ను అడగడానికి ఇంత మొహమాటమా! నా దగ్గరికొచ్చిన కుర్రాళ్లు కూడా నర్సు బయటికి వెళ్లేదాకా నోరు విప్పేవాళ్లు కాదులే. ఇదేమీ కొత్త బాధ కాదు. 7వ శతాబ్దంలోనే పాల్ ఆఫ్ ఏజినా అనే గ్రీకు వైద్యుడు మగవాళ్ల రొమ్మును కోసి తగ్గించే పద్ధతి రాసిపెట్టాడు.

సర్జన్ అపాయింట్‌మెంట్ తీసుకున్నానన్నావు, మంచిదే. ఈలోగా ఒకటి చూసుకో. వెల్లకిలా పడుకుని, బొటనవేలు, చూపుడువేలు రెండు పక్కలా పెట్టి, చనుమొన వైపు మెల్లగా నొక్కుకుంటూ రా. చనుమొన కింద రబ్బరు బిళ్లలాంటిది తగిలితే అది గ్లాండ్, అంటే రొమ్ము గ్రంథి. మగవాళ్లలో ఆ గ్రంథి పెరగడాన్నే గైనకోమాస్టియా అంటారు. ఏదీ అడ్డుపడకుండా మెత్తగానే ఉంటే కొవ్వు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. కొవ్వయితే బరువు తగ్గినకొద్దీ కొంత తగ్గుతుంది. గ్లాండ్ మాత్రం ఎన్ని పుషప్‌లు తీసినా కరగదు.

ఎందుకు పెరిగిందన్నది కూడా తేలాలి. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌, ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ల మధ్య తూకం తప్పినప్పుడు గ్లాండ్ పెరుగుతుంది. ఎదిగే వయసులో చాలామంది మగపిల్లలకి ఇలా వచ్చి, 6 నెలల నుంచి 2 ఏళ్లలో దానంతటదే పోతుంది. అందుకే చిన్నపిల్లల్ని తీసుకొచ్చి కత్తి పెట్టమంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నీ సంగతి వేరు. ఏడాది దాటిన గ్లాండ్ పీచుకట్టి గట్టిపడుతుంది, ఇక మందులకి పెద్దగా లొంగదు. అయినా కారణం వెతకకుండా ఆపరేషన్‌కి ఎక్కవద్దు. బీపీకి వాడే స్పైరనోలాక్టోన్, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్, మానసిక జబ్బులకిచ్చే రిస్పెరిడోన్ లాంటి మందుల వల్ల ఇది రావచ్చు. నువ్వు వేసుకునే ప్రతి మాత్ర పేరూ కాగితం మీద రాసి పట్టుకెళ్లు, నీ అంతట నువ్వు మాత్రం ఏదీ ఆపకు. లివర్, కిడ్నీ, థైరాయిడ్ జబ్బుల్లోనూ వస్తుంది, అరుదుగా వృషణంలో గడ్డ ఉన్నా వస్తుంది. రక్తపరీక్షలతో పాటు డాక్టర్ వృషణాలు కూడా చూస్తానంటే సిగ్గుపడకు. చూడకపోతే నువ్వే అడుగు.

జిమ్‌లో కండల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లేమైనా తీసుకున్నావా? నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, సర్జన్ దగ్గర మాత్రం దాచకు. స్టెరాయిడ్లు మానకపోతే ఆపరేషన్ తర్వాత కూడా మళ్లీ పెరగొచ్చు.

ఒకవైపే, చనుమొనకి పక్కగా, కదలని గట్టి గడ్డ ఉన్నా, చనుమొన నుంచి రక్తం కారినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ అరుదే కానీ ఉంది.

ఇక ఆపరేషన్. చిన్న రంధ్రాల్లోంచి లైపోసక్షన్‌తో కొవ్వు లాగేస్తారు. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం కింది అంచున అర్ధచంద్రాకారంగా కోసి గ్లాండ్ తీస్తారు. రంగు మారే చోట కోత పడుతుంది కాబట్టి మచ్చ అంతగా కనబడదు. మామూలుగా గంట, రెండు గంటల పని; చాలామంది అదే రోజు ఇంటికెళ్తారు. "మొత్తం తీసేయండి డాక్టర్, ఏమీ మిగల్చకండి" అని నన్ను బతిమాలినవాళ్లకి లెక్కలేదు. మొత్తం తీస్తే చనుమొన లోపలికి కుంగి గుంట పడుతుంది, దాన్ని సరిచేయడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం. అందుకే చనుమొన కింద పలచటి పొర ఒకటి కావాలనే వదులుతాం. ఎంత వదలాలో చేతికి తెలియడానికి ఏళ్లు పడుతుంది. నువ్వు సర్జన్‌ని అడగాల్సిందీ అదే. నీలాంటి ఒళ్లున్నవాళ్ల ఫొటోలు చూపించమను, ముందు నుంచీ పక్క నుంచీ తీసినవి, ఆపరేషన్ అయి 6 నెలలు దాటినవి. వారానికే తీసిన ఫొటోలో వాపు తప్ప ఏమీ ఉండదు.

సిగరెట్ అలవాటుంటే కనీసం 4 వారాల ముందే మానెయ్. పొగ రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది, చనుమొన చర్మం మానడం కష్టమవుతుంది.

ఆ తర్వాత 4 నుంచి 6 వారాలు కంప్రెషన్ వెస్ట్, అంటే ఛాతీని బిగించి పట్టే బనియన్, వేసుకోవాలి. చెమట, దురద, విసుగు, అన్నీ ఉంటాయి. వేసవి కాకుండా చూసుకుంటే నీకే సుఖం. బరువులెత్తడం కూడా అప్పటిదాకా బంద్. చనుమొన దగ్గర కొన్ని నెలలు స్పర్శ తక్కువగా ఉండొచ్చు, దానికి టెన్షన్ పడకు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి, బిగుసుకుని, నొప్పి పెరుగుతుంటే మాత్రం లోపల రక్తం చేరిందని అర్థం. అర్ధరాత్రయినా ఆస్పత్రికి ఫోన్ చెయ్యి, తెల్లారనీ అనుకోకు. రెండు పక్కలూ అచ్చంగా ఒకేలా రావు, అద్దం ముందు స్కేలు పెట్టుకుని కూర్చోకు.

తీసిన గ్లాండ్‌ని పాథాలజీకి, అంటే ముక్కని పరీక్షించే ల్యాబ్‌కి, పంపమని ముందే చెప్పు. రిపోర్ట్ రాగానే నాకు ఫొటో తీసి పంపు.

ఇంతకీ అక్కకి, అదే మీ అమ్మకి, నేను చెప్పనా, నువ్వే చెబుతావా? ఈ వారంలో తేల్చు. మత్తు ఇచ్చిన రోజు వెంట తీసుకెళ్లే మనిషి లేకుండా ఆస్పత్రివాళ్లు నిన్ను ఇంటికి పంపరు.

మీ మావయ్య