హింస ఉన్న గేమ్‌లను బ్యాన్ చేస్తే పిల్లలు మానేస్తారా? మొబైల్ షాపు నడిపేవాడి జవాబు

"తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు రోజంతా ఫ్రీ ఫైర్‌లో కాల్పులే. ఇలాంటి హింస ఉన్న ఆటలన్నిటినీ ప్రభుత్వం ఒక్క దెబ్బకు బ్యాన్ చేసేయొచ్చు కదా?" అని మీరు అడిగారు.

ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలోనే బ్యాన్ చేశారండీ. అప్పుడు వచ్చిన 54 యాప్‌ల జాబితాలో అదీ ఉంది. మీవాడు ఆడుతున్నది ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అయ్యుంటుంది. అదే కంపెనీ, అదే ఆట, బొమ్మలు కాస్త నునుపుగా ఉంటాయి. పాత ఐడీతో లాగిన్ అయితే పాత డైమండ్లు, అంటే ఆటలో చెల్లే డబ్బు కూడా అక్కడే కనిపిస్తాయి. జాబితాలో మ్యాక్స్ పేరు లేదు కాబట్టి అది ప్లే స్టోర్‌లోనే ఉండిపోయింది. మీరు కోరుకున్న బ్యాన్ ఎప్పుడో జరిగిపోయింది, మీ మేనల్లుడికి మాత్రం ఆ తేడా తెలిసినట్టు లేదు.

పల్నాడులో ఒక మండల కేంద్రంలో నాకు మొబైల్ షాపు ఉంది. రీచార్జీలు, డిస్‌ప్లేలు మార్చడం, టెంపర్డ్ గ్లాసులు వేయడం నా పని. ఈ విషయంలో టీవీలో కూర్చుని మాట్లాడే సైకాలజిస్టులకంటే నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. ఎందుకంటే వాళ్ల దగ్గరికి పిల్లాడొక్కడే వెళ్తాడు, నా దగ్గరికి పిల్లాడు, వాళ్ల నాన్న, ఫోను ముగ్గురూ వస్తారు.

2020 సెప్టెంబరు 2న పబ్జీని బ్యాన్ చేశారని వార్త వచ్చిన సాయంత్రం మా సెంటర్లో పండగ వాతావరణం. ఆన్‌లైన్ క్లాసుల కోసమని వాయిదాల మీద ఫోన్లు కొనిచ్చిన తల్లిదండ్రులు, పిల్లలు చెడిపోతున్నారని ప్రభుత్వమే కనిపెట్టి ఆట తీసేసిందనుకున్నారు. అసలు సంగతి వేరు. సరిహద్దులో చైనాతో గల్వాన్ గొడవ జరిగాక జూన్‌లో టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు తీసేశారు, సెప్టెంబరులో ఇంకో 118. పబ్జీ కొరియా వాళ్లదే అయినా మొబైల్ ఆటను నడిపిస్తున్నది చైనా కంపెనీ టెన్సెంట్. వాడిన చట్టం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. దేశ సార్వభౌమత్వం, రక్షణ, విదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు, ఇలాంటి కారణాలే అందులో ఉంటాయి. పిల్లల మనసు, రక్తం, హింస అన్న ఊసే లేదు. హింసే కారణమైతే కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ ఎందుకు మిగిలింది? అందులో ఏమన్నా పూలు విసురుకుంటారా? పబ్జీ పోయిన రెండో రోజుకే అక్షయ్ కుమార్ ఫౌజీ అనే ఆట వస్తోందని ప్రకటించాడు. అదీ కొట్టుకునే ఆటే, కాకపోతే మన సైనికులు కొడతారు. అప్పుడు ఒక్కరూ హింస గురించి మాట్లాడలేదు.

హింస పేరు చెప్పి నిజంగా బ్యాన్ చేసింది గుజరాత్ పోలీసులు. 2019 మార్చిలో రాజ్‌కోట్‌లో 144 సెక్షన్ కింద పబ్జీ మీద నిషేధం పెట్టి, ఫోన్‌లో ఆడుతున్న కాలేజీ పిల్లల్ని అరెస్టు చేశారు. టీ బంకు దగ్గర కూర్చుని ఆడుకుంటున్న కుర్రాణ్ని స్టేషన్‌కి తీసుకెళ్తే వాడిలో హింస తగ్గుతుందని ఎవరికి తోచిందో!

సరే, మా ఊరి సంగతికొస్తాను. అక్టోబరు 30న పబ్జీ సర్వర్లు కూడా ఆగిపోయాయి. అప్పట్నుంచి కుర్రాళ్లు "అన్నా, కొరియా వెర్షన్ ఎక్కించవా?" అని నా కౌంటర్ ముందు క్యూ కట్టారు. ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఎక్కించే ఏపీకే ఫైలు వేసుకోవడం, ఫోను వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ ఆన్ చేసి ఆడటం. నేను ఎక్కించలేదు. బజారులో ఇంకో చోట యాభై రూపాయలకు ఎక్కించారు. ఆ ఉచిత వీపీఎన్‌లు ఎలాంటివంటే, తెరిస్తే చాలు యాడ్ల మీద యాడ్లు. కాంటాక్టులు కావాలంటాయి, మెసేజ్‌లు కావాలంటాయి. మన పిల్లల డేటా చైనాకు పోతోందని ఆటను తీసేశారు కదా, అదే డేటా ఎవరిదో పేరు కూడా తెలియని కంపెనీకి పోయింది.

ఆ నవంబరులో ఒక మిర్చి రైతు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లాడికి పదిహేనేళ్లుంటాయేమో. స్టూలు మీద కూర్చుని, కౌంటర్ మీదున్న పాత టెంపర్డ్ గ్లాసు అంచుల్ని గోటితో గీకుతున్నాడు గానీ తలెత్తడం లేదు.

"బాబూ, ఇందులో పబ్జీ ఉందేమో చూడు. గవర్నమెంటు తీసేసిందిగా, మావాడు ఇంకా ఆడుతున్నాడంటే ఎట్టా?"

"తీసేసింది ప్లే స్టోర్‌లోంచి బాబాయ్. ఫోన్లలోంచి ఎవరు తీస్తారు?"

"మరి పేపర్లో ఏశారే!"

ఫోన్ తీసుకుని చూశాను. కొరియా వెర్షన్ ఉంది, రెండు వీపీఎన్‌లున్నాయి, టెలిగ్రామ్‌లో నాలుగైదు గ్రూపులున్నాయి. చెబుతుండగానే ఆయన జేబులోంచి తన ఫోను కూడా తీసి ముందు పెట్టాడు. "పన్లో పని, బ్యాంకు నుంచి ఏందో మెసేజీలొస్తన్నయి, అయ్యేందో కూడా చూడు" అన్నాడు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయనకు రాదు. (ఇంతమంది తెలుగువాళ్లకు ఖాతాలిచ్చిన బ్యాంకులు డబ్బు పోయిందన్న ముక్కని తెలుగులో పంపలేవా? ఇది వేరే గొడవ, వదిలేస్తున్నా.) నాలుగు వందలు, మళ్లీ నాలుగు వందలు, ఎనిమిది వందలు, చివరికి పదిహేను వందలు. అన్నీ ఒకే మనిషి పేరు మీదికి పోయాయి.

పిల్లాడు నెమ్మదిగా చెప్పాడు. బ్యాన్ తర్వాత ఆటలో యూసీ కొనడం కుదరడం లేదట. యూసీ అంటే ఆటలో చెల్లే డబ్బు. టెలిగ్రామ్‌లో ఒకడు, నాకు ఫోన్‌పే చేస్తే తక్కువ రేటుకు వేస్తానన్నాడు. మొదట్లో నిజంగానే వేశాడు. తర్వాత ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే ఎక్కువ వేస్తానన్నాడు. ఇచ్చాడు. డబ్బూ పోయింది, అకౌంటూ పోయింది.

అక్కడికి వచ్చేసరికి పిల్లాడు ఏడ్చేశాడు. డబ్బు పోయిందని కాదు, అందులో వాడికి ఎం416 గ్లేసియర్ ఉందట.

"గ్లేసియర్ అంటే ఏంది?" అన్నాడు తండ్రి.

"తుపాకీ మీద వచ్చే రంగు బాబాయ్. మంచు రంగు."

"రంగేస్తే గుండు గట్టిగా తగిలిద్దా?"

"లేదు. చూడ్డానికి బాగుంటుంది, అంతే."

ఆయన కాసేపు నా మొహం వైపు, కొడుకు మొహం వైపు చూశాడు. "ఇంటికి సున్నం ఏయిద్దామంటే మూడేళ్ల నుంచి ఎనకాడతన్నా" అన్నాడు. ఆ డబ్బు మిర్చికి మందు కొట్టించడానికి ఖాతాలో ఉంచుకున్నదట. స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు చెయ్యమంటే వద్దులే, పిల్లాడి పేరు బయటికొస్తుందన్నాడు. ప్లే స్టోర్‌లో కొని ఉంటే కనీసం డబ్బు వెనక్కివ్వమని అడగడానికి ఒక దారన్నా ఉండేది. టెలిగ్రామ్‌లో వాణ్ని ఎక్కడని పట్టుకుంటాం?

ఇదీ నేను కళ్లారా చూసిన బ్యాన్. నా కౌంటర్ ముందు ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలు నిలబడ్డారో లెక్కలేదు. తుపాకీ ఆట ఆడి కత్తి పట్టినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. ఇంట్లో డబ్బు తీసినవాళ్లు, రాత్రంతా మేలుకుని పరీక్ష పోగొట్టుకున్నవాళ్లు కావలసినంతమంది. హింస అంటారా, మా సెంటర్లో హీరో గొడ్డలి పట్టుకున్న ఫ్లెక్సీకి పెద్దవాళ్లే పాలాభిషేకం చేస్తారు. ఆ సినిమాకు ఎనిమిదేళ్ల పిల్లాణ్ని భుజాలమీద ఎక్కించుకుని తీసుకెళ్తారు. ఏ సర్టిఫికెట్ వచ్చిందో గేటు దగ్గర ఎవడూ అడగడు.

ప్రభుత్వం ఒత్తిడికి పబ్జీ కంపెనీ చేసిన మార్పులు చూస్తే నవ్వొస్తుంది. 2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో పబ్జీ తిరిగొచ్చినప్పుడు రక్తం ఆకుపచ్చగా మారింది, చంపాడు అనే చోట ఫినిష్ అని వచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలే అన్నారు. కానీ రోజుకు ఖర్చు పెట్టుకోగలిగే పరిమితి ఏడు వేల రూపాయలు! మా దగ్గర వారం కూలి కూడా అంత రాదు. ఇంక అమ్మానాన్నల నంబర్‌కు ఓటీపీ అంటారా, పక్కింటి అన్న నంబర్ ఇస్తే సరి. 2022 జులైలో దాన్నీ తీసేశారు, 2023 మేలో మూడు నెలలు చూస్తామని మళ్లీ అనుమతించారు. ఆ మూడు నెలలు అయిపోయాయి, ఏం చూశారో నాకైతే కనపడలేదు.

నన్నడిగితే బ్యాన్ చెయ్యాల్సింది రక్తాన్ని కాదు, ఆటలో డబ్బు కట్టి స్పిన్ చక్రం తిప్పి అదృష్టం చూసుకో అని పిల్లలకు అమ్మడాన్ని. ఏమొస్తుందో చెప్పకుండా డబ్బు కట్టించుకోవడం లాటరీ కాక మరేమిటి? ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లో, మన దగ్గర 2020లో ఆపారు. 2025లో కేంద్రం చట్టం చేసి డబ్బు పందేల ఆటల్ని దేశమంతా మూసేసింది. రాష్ట్రంలో ఆపినప్పుడు పెద్దవాళ్లు కూడా ఫేక్ లొకేషన్ యాప్ ఎక్కించమని నా దగ్గరికొచ్చారు, అది వేరే కథ. తుపాకీ రంగు కోసం తిప్పే స్పిన్ మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

మీ మేనల్లుడి సంగతికొస్తే, ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. మ్యాక్స్ తీసేయించి గొడవ పెట్టుకోకండి, తీస్తే ఏ ఫైలు వేసుకుంటాడో మీకు తెలీదు. వాడు ఆడే ఫోన్లో ఫోన్‌పే ఉంచకండి. ఇవాళే మీ బావగారి యూపీఐ పిన్ మార్పించండి. మా ఊళ్లో సగం మందికి పిన్ పెద్దకొడుకు పుట్టిన సంవత్సరమే, ఆ సంగతి ఆ పెద్దకొడుక్కి బాగా తెలుసు.