మంచమే ఆఫీసైతే మెడ ఊరుకుంటుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాయగడ. వయసు 32, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. హైదరాబాద్ కంపెనీకి రెండేళ్లుగా ఇంటి నుంచే పని చేస్తున్నాను. మంచం మీద కూర్చుని, ఒళ్లో దిండు, దాని మీద ల్యాప్‌టాప్. మూడు నెలలుగా మెడ పట్టేస్తోంది. రాత్రిళ్లు కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. సెలూన్‌లో మెడ విరిపించుకుంటే ఓ పూట హాయిగా ఉంటోంది. ఒక గదిని ఆఫీసులా సర్దుకుందామనుకుంటున్నాను. 15 వేల రూపాయల కుర్చీ ఒకటి చూశాను, కొనమంటారా?

జవాబు: ముందు ఆ సెలూన్ వైద్యం మానేయండి. మెడను ఒక్కసారిగా తిప్పితే మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం లోపలి పొర చిరగొచ్చు. అరుదే గానీ, అది పక్షవాతం దాకా పోతుంది.

కుర్చీ సంగతి తర్వాత. అసలు పేచీ ల్యాప్‌టాప్‌తోనే. స్క్రీన్, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కదా, చేతికి అందేలా పెడితే మెడ వంగుతుంది, కంటికి ఎదురుగా పెడితే భుజాలు లేస్తాయి. ఎంత ఖరీదైన కుర్చీలో కూర్చున్నా ఈ తగువు తీరదు. తల బరువు సుమారు 5 కిలోలు. అది ముందుకు వాలితే మెడ వెనక కండరాలు రోజంతా పట్టి లాగుతూనే ఉండాలి. కాబట్టి మొదట విడి కీబోర్డు, మౌస్ కొనండి. ల్యాప్‌టాప్ కింద పాత పుస్తకాలు పేర్చి, స్క్రీన్ పై అంచును కంటి ఎత్తుకు తెండి. చెయ్యి చాపినంత దూరం చాలు. కిటికీ పక్కవైపు ఉంటే కళ్లకు సుఖం.

రెడీమేడ్ టేబుళ్లు ఇంచుమించు 75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి, మీకది ఎక్కువ. మోచేతులు టేబుల్‌కు సమంగా వచ్చేలా కుర్చీలో గట్టి దిండు వేసుకోండి. అప్పుడు కాళ్లు వేలాడతాయి, కింద భోజనాల పీట వేసుకోండి. వడ్రంగి చేత చేయిస్తే ఈ తంటా ఉండదు: కూర్చున్నప్పుడు నేల నుంచి మోచేతి దాకా కొలిచి, ఆ ఎత్తుకే చేయించండి. అరగంటకోసారి లేవాలి. ఫోన్లు నడుస్తూ మాట్లాడండి. మంచి కుర్చీ కొన్నాం కదా అని నాలుగు గంటలు కదలనివాళ్లను చూస్తూనే ఉన్నాను. ఇవన్నీ కుదిరాక డబ్బుంటే కుర్చీ కొనుక్కోండి.

తిమ్మిరి ఏ వేళ్లకో మీరు రాయలేదు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లకు వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటున్నట్టు అనుకోవాలి. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే తేలికవుతుంది. చిటికెన వేలి వైపైతే మోచేయి దగ్గర చూడాలి. మెడ నుంచి చెయ్యి పొడవునా లాగుతుంటే మెడలోని నరం. షుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి, వాటి వల్లా తిమ్మిర్లు వస్తాయి. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వారాల తరబడి మింగొద్దు, కడుపు, కిడ్నీలు పాడవుతాయి.

ఇలా మూడు నాలుగు వారాలు చేసి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. చేతిలో పట్టు తగ్గి గ్లాసు జారిపోతున్నా, నడకలో తూలుతున్నా, మూత్రం అదుపు తప్పినా మాత్రం సెలవు దొరికేదాకా ఆగకండి. అదే రోజు విశాఖకో బరంపురానికో బయల్దేరండి.