పెద్దత్తయ్య దగ్గరికి వెళ్లేముందు

అమ్మలూ,

రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్లు బాంబులు వేస్తే మనవాళ్లు బర్మాలోని రంగూన్ నుంచి నడిచి వచ్చిన కథ రాస్తావట, అందుకోసం పెద్దత్తయ్య దగ్గరికి వెళ్తున్నావట. మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఫోను ఛార్జింగు చూసుకో, పాత కాగితాలకు ఫొటోలు తీసుకో. ఇవి నీకు నేను చెప్పాలా!

1985లో టేప్ రికార్డరు కొని మా అమ్మ ముందు పెట్టాను. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ మొదలుపెట్టింది. "క్రిస్మస్ నాడు బాంబులు పడ్డాయిరా, పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పరుగెత్తాం" అంది. నేనప్పుడే ఏదో పుస్తకం చదివి ఉన్నాను. "కాదమ్మా, 1941 డిసెంబరు 23న" అన్నాను. ఆమె చేతులు ఆగాయి. "అన్నీ నీకే తెలుసుగా, నువ్వే చెప్పుకో" అని చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: "ఏముంది, నడిచాం, వచ్చాం." ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి, అక్యాబ్‌లో ఓడెక్కి చిట్టగాంగ్‌లో దిగారని బంధువులు చెప్పగా విన్నదే నాకు మిగిలింది.

ఆమె పోయిన చాలా ఏళ్లకు తెలిసింది, రంగూన్ మీద 23న ఒకసారి, 25న మరోసారి బాంబులు వేశారని.

అందుకే అంటున్నాను, అత్తయ్య ఏ తేదీ చెబితే ఆ తేదీ రాసుకో. విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఆమె సంక్రాంతికి పడ్డాయన్నా తల ఊపు. తప్పొప్పులు ఇంటికొచ్చాక చూసుకోవచ్చు, మేధావీ.

దారిలో పోయిన చిన్నవాడి మాట నువ్వుగా ఎత్తకు. అత్తయ్యకు అప్పుడు ఆరేళ్లు. వాడి చెయ్యి పట్టుకుని నడిపించే పని ఆమెది. వాణ్ణి తీసుకుపోయింది కలరా అని ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. తనంతట తాను చెబితే విను, రికార్డింగు ఆపమంటావా అని అడుగు. ఆ రాత్రి అక్కడే, ఆమె మంచం పక్కనే పడుకో. అంతా కదిలించి సాయంత్రం బస్సుకు వచ్చేశావో, నేను ఊరుకోను.

క్యాసెట్ ఈ కవరులో పెట్టాను. పదకొండు నిమిషాలే ఉంది. బియ్యం చప్పుడు ఆగిపోయాక కూడా టేపు కాసేపు తిరిగింది, ఆపాలని నాకు తోచలేదు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అది ఖాళీ అనుకుని కత్తిరించకు.

మీ పెదనాన్న