గూడ్స్ షెడ్డు మూస్తున్నారు, సంతకం పెట్టమంటున్నారు: పెట్టొచ్చా?

మీ బాపు వరంగల్ దగ్గర గూడ్స్ షెడ్డులో హమాలీ, మేనమామ అక్కడే రైల్వే క్లర్కు, షెడ్డు మూసి ఇద్దరినీ పెద్దపల్లి పొమ్మంటున్నారు, కాగితాల మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా అని అడిగారు. ఇద్దరి లెక్క ఒకటి కాదు.

మామయ్యది తేలిక. బదిలీ ఆర్డర్‌లో ‘పరిపాలనా కారణాలతో’ అని ఉండాలి. ‘సొంత కోరికపై’ అని దరఖాస్తు అడిగితే ఇవ్వొద్దు. ఇస్తే బేసిక్ జీతంలో 80 శాతం వచ్చే ట్రాన్స్‌ఫర్ గ్రాంటు (బదిలీ ఖర్చుల సొమ్ము) పోయినట్టే (పెద్దపల్లి కాకుండా 20 కి.మీ. లోపు కాజీపేటకే వేస్తే ఎలాగూ అందులో మూడో వంతే). సర్‌ప్లస్‌గా (అవసరానికి మించిన సిబ్బందిగా) చూపి వేరే కేడర్‌లో, అంటే వేరే ఉద్యోగ విభాగంలో, వేస్తే జీతం తగ్గదు, సీనియారిటీ మాత్రం కొత్తగా మొదలవుతుంది. కాబట్టి ముందు సికింద్రాబాద్ డివిజన్‌లోనే తన కేడర్ ఖాళీ అడగాలి.

చిక్కంతా బాపుది. షెడ్డు రైల్వేదే అయినా బస్తాలు దింపించేది చాలాచోట్ల ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) కాంట్రాక్టరో ఎరువుల కంపెనీ కాంట్రాక్టరో. పీఎఫ్ పాస్‌బుక్‌లో యజమానిగా ఎవరి పేరుందో, ఆయన ఏ సంస్థ పని చేయిస్తున్నాడో చూడండి. రైల్వే, ఎఫ్‌సీఐ పనైతే కేంద్ర కార్మిక శాఖకు, ప్రైవేటు కంపెనీదైతే రాష్ట్ర లేబర్ ఆఫీసుకు పోవాలి. తప్పు ఆఫీసులో అర్జీ పెడితే నెలలు పోతాయి.

రాజీనామా రాయొద్దు. రాస్తే పని పోయినందుకు ఇచ్చే పరిహారం, అంటే ఏడాదికి 15 రోజుల కూలి, అడగలేరు. తీసేసేముందు ఏడాదిలో 240 రోజుల పని చూపాలి. రేక్ (గూడ్స్ రైలు) రాని రోజును ‘గైర్హాజరు’ అని రాస్తే కొర్రీ అక్కడే పడుతుంది.

బస్తా లెక్కన కూలి తీసుకునేవాళ్లకు గ్రాట్యుటీ చివరి 3 నెలల సగటు మీద కడతారు. మూసే ముందు రేకులు తగ్గుతాయి, సగటూ పడిపోతుంది. ఏడాదికి 15 రోజుల కూలి లెక్కన, 12 ఏళ్ల సర్వీసుకు సగటు కూలి రోజుకు 800 అయితే 1,44,000. 500కి దిగితే 90,000. అందుకే ముఠా పుస్తకంలో (హమాలీల జట్టు పని లెక్క రాసే పుస్తకం) తేదీ, వ్యాగన్ నంబరు, బస్తాలు, ఎంతమంది దింపారు అన్న పేజీలన్నీ ఇప్పుడే ఫోటో తీయండి. 42 వ్యాగన్ల రేక్‌లో వ్యాగన్‌కు 50 కిలోల బస్తాలు 1,250 దాకా ఉంటాయి, దాంతో కూలి సరిచూడొచ్చు. షెడ్డు ఖాళీ అయ్యాక ఆ పుస్తకం దొరకదు.

టెండర్ మారినప్పుడల్లా కొత్త కాంట్రాక్టరు ‘నా దగ్గర రెండేళ్లే’ అంటాడు. పాత, కొత్త ఇద్దరి పేర్లూ, పని చేయించుకున్న సంస్థ పేరూ అర్జీలో రాయండి. పెద్దపల్లి పోవడమే ఇష్టమైతే, పాత సర్వీసు కలుస్తుందని కాంట్రాక్టరు లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర తీసుకున్నాకే బస్సెక్కమనండి.