దూలం తల చూశావా?

చిరంజీవి అబ్బాయికి, మావయ్య ఆశీస్సులు.

ఫొటోలు చేరాయి. పాడుబడ్డ మీ ఊరి క్లబ్బును బాగుచేసి మళ్లీ తెరుస్తామన్నావు, మంచిదే. దాని వరండా స్తంభాలు చూసి ముచ్చటేసింది. పిట్టగోడలో మొలిచిన రావిమొక్కను చూసి గుండె గుభేలుమంది. ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగావు. రంగు మాట ఇప్పట్లో ఎత్తకు.

ముందు కాగితాలు. ఆ స్థలం జమీందారు గారు దానమిచ్చారన్నది నోటిమాటేనా, రాతకోతలున్నాయా? ఈసీ తీయించు, ఆ స్థలం మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో తెలుస్తుంది. పాడుబడి ఉన్నన్నాళ్లూ అటు ఎవరూ తొంగిచూడరు గానీ, నాలుగు ఇటుకలు మార్చగానే వారసులు నిద్ర లేస్తారు. క్లబ్బు సంఘం 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే, ఇప్పుడు దానికి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టమే వర్తిస్తుంది. కమిటీ జాబితా ఏటా దాఖలు చేయాలి. ఎన్నేళ్లుగా ఎగ్గొట్టారో కనుక్కో.

ఇక కప్పు. మీది మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలబెట్టి ఐమూలగా పేర్చి, పైన సున్నంతో కలిపిన ఇటుకముక్కలు పరిచి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడితే గట్టిపడిన మిద్దె అది. కారినప్పుడల్లా ఎవరో ఒకరు పైన ఇంకో పొర పోసే ఉంటారు. అందరూ చేసే పనే. నీళ్లు ఆగవు సరిగదా, బరువు పెరుగుతుంది. దూలం నడుం చూసి బాగుందనుకోకు. గోడలోకి దూరిన తల చూడాలి. పుచ్చేది అక్కడే, గోడలో చెమ్మ తాగీ తాగీ. సుత్తి పిడితో తట్టు. ఖంగుమంటే సరే, బొదబొదలాడితే స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. లోపలికి దిగిందంటే ఆ దూలం కింద ముందు ఆసరాగా పోటు గుంజ పెట్టించు, తర్వాతే తక్కిన మాట. తల ఒక్కటే పోతే మొత్తం దూలం మార్చక్కర్లేదు. పోయినంత మేర కోసి కొత్త టేకు అతికే వడ్రంగులు ఇంకా ఉన్నారు, వెతుక్కోవాలంతే.

రావిమొక్కను మాత్రం పట్టుకు లాగకు. గోడ ఊడి చేతికొస్తుంది. పైపైన నరికినా లాభం లేదు, వానాకాలానికి మళ్లీ తల ఎత్తుతుంది. వేరు పోయినంత మేర ఇటుకలు విప్పి, వేరు తీసి, మళ్లీ సున్నంతోనే కట్టించు.

సున్నంతోనే అని ఎందుకంటున్నానో విను. మా ఊరి రీడింగ్ రూము బాగుచేసేటప్పుడు మేస్త్రీ వద్దంటున్నా వినకుండా పాత గోడలకి సిమెంటు ప్లాస్టరు కొట్టించింది నేనే. నున్నగా అద్దంలా వచ్చింది, మురిసిపోయాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి నడుమెత్తు దాకా ఉబ్బి, గోరుతో గీకితే ఉప్పు రాలింది. నేలలోంచి పైకెక్కే చెమ్మ సున్నపు గోడలోంచైతే ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు దాన్ని పోనివ్వదు. తీయించబోతే ప్లాస్టరుతో పాటు ఇటుక ముఖాలు కూడా ఊడాయి. వేసిందానికంటే తీయించడానికే ఎక్కువైంది. గానుగ సున్నం, ఇసుక, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు, ఇవన్నీ చాదస్తమని నవ్వినవాణ్ణి నేను. సున్నం గాలి తగిలి నెమ్మదిగా రాయవుతుంది, తొందరపెట్టకు. తడి గోనెలు కప్పించు.

డబ్బు సంగతి. అమెరికా స్నేహితులు పంపుతామన్నారని రాశావు, సంతోషం. ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాయించకు బాబూ, తిరిగేటప్పుడు ఎలాగూ కనబడవు. ఒక దూలం నాది, ఒక కిటికీ నాది అని ఊళ్లోవాళ్లు కూడా పంచుకునేలా చూడు.

అన్నిటికంటే కష్టమైంది బైలా, అంటే సంఘం నియమావళి. క్లబ్బంటే సభ్యులది. మీ నాన్న చిన్నప్పుడు ఆ వరండా మెట్లెక్కబోతే గుమాస్తా కసిరి పంపేశాడని నీకెప్పుడైనా చెప్పాడా? కందుకూరి వీరేశలింగం గారు 1890లో రాజమండ్రిలో టౌన్ హాలు కట్టించారంటే సభల కోసం, నలుగురూ వచ్చి కూర్చోడానికి. మీరు చేయాలనుకుంటున్నదీ అదే అయితే, సభ్యత్వం ఊళ్లో ఎవరైనా తీసుకోవచ్చని ముందు కాగితం మీద పడాలి. పాత సభ్యులు ముగ్గురో నలుగురో ఉంటారు, పేకాట గది పోతుందని బెంగపడతారు. వాళ్లని పొమ్మనకు, పోనివ్వకు కూడా. పందేలు మాన్పించి ఆ గదే ఉంచు. పొద్దున్నే వచ్చి తాళం తీసేదీ, పేపరు రాలేదని గోల చేసేదీ వాళ్లే.

ఆడవాళ్లు రావాలంటే మహిళా దినోత్సవం బ్యానరు చాలదు. గడియ సరిగ్గా పడే మరుగుదొడ్డి, నీళ్లు, గుమ్మం దగ్గర లైటు కావాలి. మీ ప్లానులో మరుగుదొడ్డి పెరటి చివర, చీకట్లో ఉంది. మార్చు.

అంతా అయ్యాక తలుపులు తీద్దామనుకోకు, అంతా అవడం ఎప్పటికీ ఉండదు. కప్పు గట్టిగా ఉన్న ముందుగది ఒకటి ఊడ్పించి, రెండు బల్లలు, రెండు పేపర్లు, ఒక మంచినీళ్ల కుండ పెట్టు. పని నడుస్తున్న వైపు మాత్రం కట్టుదిట్టంగా మూసెయ్, పిల్లలు దూరతారు.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. సుత్తి నేను తెస్తాను. పన్నెండడుగుల నిచ్చెన ఒకటి చూసి ఉంచు, కింద పట్టుకోడానికి మనిషిని కూడా. నేను నిచ్చెన ఎక్కుతానని మీ అత్తయ్యతో అనకు.

మీ మావయ్య